లీకులు లేని ఊళ్లో నీళ్ల లారీ

చింతలమెరక లీకులు లేని పట్టణమని తేలిన రోజున ఊళ్లో ఒక్క కుళాయిలోనూ నీళ్లు లేవు. అంతకు ముందు రోజే మంచినీళ్ల మోటారు కాలిపోయింది. పైనుంచి వచ్చిన తనిఖీ బృందం పైపులైను పొడుగునా నడిచి, వంగి చూసి, చెవులు ఆనించి విని, ఎక్కడా చుక్క కూడా బయటికి రావడం లేదని సంతోషించి, కొబ్బరిబొండాలు తాగి వెళ్లిపోయింది. నెల తిరక్కుండానే పురపాలక సంఘానికి ప్రశంసాపత్రం వచ్చింది. కమిషనర్ చిదానందం గారు దానికి అద్దం కట్టించి తన కుర్చీ వెనక గోడకి తగిలించారు. ఊరికి నాలుగు వైపులా 'లీకులు లేని పట్టణానికి స్వాగతం' అని బోర్డులు పాతించారు. అంతటితో ఆగకుండా ఓ ఉత్తర్వు కూడా జారీ చేశారు. పట్టణ పరిధిలో లీకు అనే స్థితి రద్దయినందున ఇకమీదట ఏ ఫైలులోనూ, ఏ సంభాషణలోనూ ఆ పదం వాడరాదని దాని సారాంశం.

మోటారు బాగయింది. నీళ్లొచ్చాయి. నీళ్లతో పాటు లీకులూ వచ్చాయి. కాకపోతే ఇప్పుడు వాటికి పేరు లేదు. మార్కెట్ రోడ్డు నడిబొడ్డున పైపు పగిలి ఉబికే నీళ్లని 'సహజ ఊట' అన్నారు. దాని చుట్టూ చిన్న కంచె కట్టి, క్రోటన్ మొక్కల కుండీలు పెట్టారు. ఇలాంటి ఊటలన్నీ దాటుకుని ఊరి చివర కాలువ లాకుల పక్కనున్న లాకులపేట చేరేసరికి పైపులో మిగిలేది తడి మాత్రమే. అందుకని ఆ పేటకి రోజూ లారీ మీద నీళ్లు తోలేవారు. లీకులు లేని ఊళ్లో లారీతో నీళ్లెందుకు తోలాల్సి వస్తోందని అడిగినవాళ్లు లేరు. అడిగితే ఏ మాట వాడి అడగాలో ఎవరికీ తెలియదు.

ఆ నీళ్ల లారీ ఏఈ సుభాషిణి అజమాయిషీలో ఉండేది. ఆమె మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, సర్వీసు పరీక్ష రాసి ఈ ఉద్యోగంలో చేరింది. ఇంకా ప్రొబేషన్ తీరలేదు. నోరు అదుపులో పెట్టుకుంటే తీరుతుందని వాళ్ల నాన్నగారు వారం వారం ఫోన్లో గుర్తు చేస్తుండేవారు.

ఒక పొద్దున్న ఆమె షెడ్డులో అడుగుపెట్టేసరికి డ్రైవర్ గనిరాజు లారీ ముందు చక్రం పక్కన దిగాలుగా చతికిలపడి ఉన్నాడు.

"మేడంగారూ, మా సుందరికి ఒంట్లో బాగోలేదండి," అన్నాడు.

సుందరి అంటే లారీయే. సొంత భార్యని కూడా గనిరాజు అంత ముద్దుగా పిలవడని షెడ్డులో చెప్పుకునేవారు.

"ఏమైంది?"

"స్టీరింగు తిప్పితే మూలుగుతుందండి. ఈనబోయే గేదె మూలిగినట్టు మూలుగుతుంది. నిన్న లాకులపేట మలుపు తిప్పేసరికి నా భుజాలు ఊడి చేతిలోకొచ్చాయండి. దిష్టి తగిలిందని నా అనుమానం. గుమ్మడికాయ కొట్టించాను. తగ్గలేదు."

సుభాషిణి వంగి చూసింది. ఇంజను కింద నేల మీద నూనె మరక ఉంది. చిన్న ప్లేటంత. బానెట్ ఎత్తి స్టీరింగు ఆయిలు డబ్బా మూత తిప్పింది. ఆయిలు అడుగుకి దిగిపోయి ఉంది. ఉన్న కాస్తా కూడా కాఫీ మీద నురగలాగా బుడగలు బుడగలుగా ఉంది.

విషయం తేలికగానే తేలింది. అంత బరువు బండి చక్రాల్ని మనిషి చేతులు తిప్పలేవు; లోపలున్న ఆయిలు ఒత్తిడి పెట్టి తిప్పుతుంది. ఆ ఆయిలు ఎక్కడో జాయింటు వదులై కారుతోంది. అది తగ్గిన చోట గాలి దూరింది. ఆయిల్ని నొక్కితే అది నెడుతుంది. గాలిని నొక్కితే అది నలిగి ఊరుకుంటుంది. బండి మూలగడానికీ, మొండికెయ్యడానికీ అదే కారణం.

"దిష్టి కాదు గనిరాజు గారూ. జాయింటు బిగించి, ఆయిలు పోసి, లోపలి గాలి తీసేస్తే సరిపోతుంది. మధ్యాహ్నానికల్లా అయిపోయే పని."

"ఆయ్," అన్నాడు గనిరాజు. మొహం విప్పారింది. "మధ్యాహ్నానికే కదండీ?"

మధ్యాహ్నానికి ఆమె మేనేజర్ కామేశం గారి బల్ల ముందు నిలబడి ఉంది. కామేశం గారు ఆఫీసులో తల నెరిసినవారు. ఆమె ఇచ్చిన కాగితం మీద ఆయన అరచెయ్యి పెట్టి ఒక మాటని మూసేశారు. పక్క బల్లవాళ్లు చూడలేదు కదా అని అటూ ఇటూ చూశారు.

"ఏంటమ్మా ఈ మాట?"

"స్టీరింగు ఆయిలు లీ..."

"ష్! పైకి అనకు. ఆడపిల్లవి, చదువుకున్నదానివి. మన ఊళ్లో అది లేదు కదమ్మా."

"అది పైపుల గురించి కదండీ. ఇది లారీ."

"ఉత్తర్వులో 'పట్టణ పరిధిలో' అని ఉంది. లారీ పట్టణ పరిధిలో ఉందా లేదా?" ఆయన గొంతు తగ్గించారు. "నా మాట విను. కారుతోంది అనకు. నిష్క్రమిస్తోంది అను. ఒక పెద్దమనిషి సభ మధ్యలోంచి లేచి వెళ్లిపోతే ఎలా ఉంటుంది? మర్యాదగా ఉంటుంది కదా. అలా రాయి."

సుభాషిణికి నవ్వొచ్చింది. అయితేనేం, పని కావాలి. కూర్చుని, స్టీరింగు చమురు స్వచ్ఛందంగా నిష్క్రమిస్తున్నందున తగు మరమ్మతు చేయుటకు అనుమతి కోరుచున్నానని రాసింది. 'స్వచ్ఛందంగా' అన్నది ఆమె సొంత చేర్పు. రాసి చదువుకుంటే తనకే ముచ్చటేసింది. ఆఫీసు మనిషినవుతున్నానని కూడా అనుకుంది.

ఆ మాటే కొంప ముంచింది.

"స్వచ్ఛందంగా అన్నారు," అన్నారు కమిషనర్ చిదానందం గారు, కాగితం కిందికీ పైకీ చూసి. ఆయన ఏ మాటనైనా శిలాఫలకం ఆవిష్కరిస్తున్నట్టు పలుకుతారు. "సంతోషం. అయితే స్వచ్ఛందంగా వెళ్లుచున్న దానిని నిరోధించుట సహేతుకమేనా అన్నది ఈ కార్యాలయం ముందున్న ప్రశ్న."

"ఆపకపోతే బండి తిరగదు సార్. కనీసం కొత్త ఆయిలైనా పోయించండి."

"చమురు అనునది ఈ యంత్రములో ఖర్చగు వస్తువేనా?"

"కాదండి. మామూలుగా ఖర్చవదు."

"ఖర్చు కాని వస్తువును మరల కొనుగోలు చేసిన యెడల, మొదటిది ఏమైనది అని ఆడిట్ వారు అడుగుదురు. అడిగిన యెడల మనము ఒక పదము ఉచ్చరించవలసి వచ్చును. ఆ పదము ఈ పట్టణములో లేదు."

సుభాషిణికి ఆయిలు వైపు తలుపు మూసుకుపోయింది. రెండో తలుపు కొట్టి చూద్దామనుకుంది.

"సార్, ఆయిలు సంగతి వదిలేద్దాం. లోపల గాలి చేరింది. ఆ గాలి తీసేందుకైనా..."

"గాలా?" చిదానందం గారు కుర్చీలో ముందుకి జరిగారు. "చమురు స్థానంలో గాలి చేరినదా?"

"అవును సార్."

"అనగా ప్రస్తుతం మన వాహనం చమురు లేకుండా, గాలితో మలుపులు తిరుగుచున్నదా?"

"తిరగడం లేదు సార్. అదే కదా..."

కానీ ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు. ఆయన చూపు ఆమె తల మీదుగా కిటికీలోంచి ఎక్కడో దూరంగా ఉంది. ఆయన కళ్లలో ఇంకో అద్దాల చట్రం మెరుస్తోందని గ్రహించడానికి సుభాషిణికి కాస్త ఆలస్యమైంది.

"చమురు రహిత సారథ్యం! పొగ లేదు, ఖర్చు లేదు, కాలుష్యం లేదు. దేశమంతా పర్యావరణం, పర్యావరణం అని ఘోషించుచుండగా మన షెడ్డులో నిశ్శబ్దముగా..."

"నిశ్శబ్దంగా కాదు సార్. గేదెలా అరుస్తోంది."

"ఈ పథకమునకు 'వాయుసారథి' అని నామకరణం చేయుచున్నాను," అన్నారు చిదానందం గారు.

మూడోనాటి పొద్దున్న సుందరికి ఆకుపచ్చ రంగు వేశారు. రెండు పక్కలా 'వాయుసారథి' అని రాయించారు. మామిడి తోరణం కట్టారు. రిబ్బను కత్తిరించి, చిదానందం గారు ప్రసంగించారు. స్టీరింగు తిప్పినప్పుడు వెలువడు ధ్వని ప్రకృతి నాదమనీ, అది పాదచారులకు హెచ్చరికగా కూడా పనికివచ్చును గనుక హారను వినియోగం తగ్గి శబ్దకాలుష్యం నివారింపబడుననీ వివరించారు. అదే సమయంలో గనిరాజు బండి కదిలించాడు. ప్రకృతి నాదానికి ముందు వరసలో కూర్చున్న కౌన్సిలర్లు చెవులు మూసుకున్నారు.

గాలితో స్టీరింగు తిరగడం లేదన్న చిన్న లోపాన్ని కూడా ఆఫీసు పట్టించుకోకపోలేదు. పార్కులో తోటపని చేసే ఇద్దరు బలిష్ఠుల్ని 'మలుపు సహాయకులు'గా నియమించారు. మలుపు వచ్చినప్పుడల్లా ముగ్గురూ కలిసి స్టీరింగు పట్టుకుని, ఒకటీ రెండూ అనుకుని, లాగాలి. బండి ముందు సీట్లో చోటు లేక గనిరాజు సగం తలుపు బయట కూర్చునేవాడు.

"చక్రం నా చేతిలో ఉంటుందో వాళ్ల చేతిలో ఉంటుందో నాకు తెలీదండి," అని సుభాషిణితో వాపోయాడు. "బ్రేకు మటుకు నాదేనండి. అంచేత బతికున్నాం."

బండి నడక పిల్లిపిల్ల నడకలా ఉండాలని, మనిషి నడిచే వేగం దాటకూడదని ఆమె గట్టిగా చెప్పింది. అంతకు మించి చెప్పగలిగింది లేదు. లారీ నిలిపేద్దామా అంటే లాకులపేటకి ఆ నీళ్లే దిక్కు.

లాకులపేటకి వెళ్లాలంటే కాలువ వంతెన దాటుతూనే కుడివైపు మెలిక తిరగాలి. ఎడమ మలుపులు ముగ్గురికీ ఎలాగో లొంగేవి. ఈ కుడి మెలిక మాత్రం ఓ రోజు అస్సలు లొంగలేదు. ఒకటీ రెండూ అనుకునేలోపు బండి తిన్నగా వెళ్లిపోయింది. వెళ్లి వెళ్లి పక్క పంచాయతీ పాలెపులంకలో, రచ్చబండ ముందు ఆగింది. ఎప్పుడూ చూడని మంచినీళ్ల లారీ తనంతట తానే గుమ్మంలోకి రావడంతో ఆ ఊరివాళ్లు ఉబ్బితబ్బిబ్బయి బిందెలు పట్టుకొచ్చారు. గనిరాజుకి దండ వేశారు. మర్నాడూ అదే జరిగింది. ఆ మర్నాడూ అదే. పాలెపులంక సర్పంచి స్వయంగా వచ్చి చిదానందం గారికి శాలువా కప్పి వెళ్లాడు. చిదానందం గారు దానికి 'అంతర్ గ్రామ జల సౌహార్దం' అని పేరు పెట్టి పథకంలో కలిపేశారు.

నాలుగోనాడు నూకరత్నం ఆఫీసుకి వచ్చింది. లాకులపేటలో చేపల బుట్టలు అల్లే మనిషి, గొంతు కాలువ అవతలి గట్టుకి వినిపిస్తుంది. చంకలో ఖాళీ బిందె ఉంది. వెనక పేటలో సగం మంది ఆడవాళ్లున్నారు.

"ఏటి బాబూ, మా నీళ్లేయి?" అంది నేరుగా కమిషనర్ గదిలోకి వచ్చి.

"అమ్మా, తమ సమస్య ఈ కార్యాలయం దృష్టిలో ఉన్నది. సాంకేతిక కారణముల దృష్ట్యా వాయుసారథి ప్రస్తుతం కుడివైపు..."

"బండి కుడిపక్కకి తిరగదు. అంతేనా?"

"అంత స్థూలముగా చెప్పలేము గానీ..."

"అయితే మా పేటనెత్తి వంతెనకి ఎడంపక్కన పెట్టమంటారా?"

వెనక ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. చిదానందం గారు నవ్వలేదు. పెన్ను తీశారు.

"పరిశీలించదగ్గ సూచన," అన్నారు. "కామేశం గారూ, నమోదు చేయండి. పట్టణమునందలి కుడివైపు నివాసములను దశలవారీగా ఎడమవైపుకు తరలించు విషయమై సర్వే జరిపించవలెను."

నూకరత్నం బిందె ఎగదోసుకుని వెనక్కి తిరిగింది. వరండాలోకి వచ్చాక సుభాషిణి కనబడింది.

"నువ్వేం చదూకున్నావమ్మా?"

"మెకానికల్ అండి. బండ్లూ, యంత్రాలూ."

"మరి ఆ బండి బాగుచెయ్యవేం?"

"బాగుచెయ్యాలంటే ముందు అది పాడైందని ఒప్పుకోవాలండి."

"ఎవరొప్పుకోవాలి? బండి ఒప్పుకుంది కదమ్మా. రోజూ ఊరంతా వినేట్టు మూలుగుతుంది." నూకరత్నం బిందె ఇంకో చంకలోకి మార్చుకుంది. "కాలవ నీళ్లు కాచుకుని తాగుతున్నాం. పిల్లలకి విరోచనాలు పట్టుకున్నాయి. నీ ఇష్టం మరి."

ఆ మాట సుభాషిణిని వదల్లేదు. 'స్వచ్ఛందంగా నిష్క్రమిస్తున్నందున' అని రాసినప్పుడు తను నవ్వుకున్న నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. బజారుకెళ్లి ఆయిలు డబ్బా తనే కొనుక్కొచ్చి, గుట్టుచప్పుడు కాకుండా పని చేసేద్దామని బయల్దేరింది. షెడ్డు దగ్గర కాపలావాడు ఉన్నాడు. వాయుసారథి ఇప్పుడు ప్రదర్శనా వాహనమనీ, బానెట్ ఎత్తడానికి కమిషనర్ గారి సంతకం కావాలనీ చెప్పాడు. బానెట్ మీద లక్క ముద్ర కూడా వేసి ఉంది.

"ఎందుకండీ ముద్ర?"

"గాలి పోకుండానండి," అన్నాడు అతను వినయంగా.

ఆ వారంలోనే పర్యావరణ మూల్యాంకన బృందం వచ్చింది. వాయుసారథి కీర్తి అంతదూరం పాకింది మరి. బృందానికి అధ్యక్షురాలు దమయంతీదేవి గారు. పెద్ద బొట్టు, మందపాటి కళ్లజోడు. ఏది చూపించినా "ప్రత్యక్షంగా వీక్షించాలి" అనేవారు. ఫోటోలు చూపిస్తే పక్కకి నెట్టేశారు. పథక వివరణ వినిపిస్తే ఆవులించారు.

"నేను ఎక్కి వీక్షిస్తాను," అన్నారు.

చిదానందం గారు వెంటనే ఏర్పాట్లకి దిగారు. ముగ్గురు మనుషులు స్టీరింగుతో కుస్తీ పట్టే దృశ్యం అధ్యక్షురాలికి బాగుండదని మలుపు సహాయకుల్ని దింపేయించారు. దమయంతీదేవి గారు కిటికీ పక్కన, ఆవిడ పక్కన తాను, వెనక బల్ల మీద సుభాషిణి. ట్యాంకు నిండా నీళ్లు. గనిరాజు ఒక్కడే స్టీరింగు దగ్గర కూర్చుని, దాని మీదున్న దుమ్ము తుడిచి, దండం పెట్టుకున్నాడు.

"నెమ్మదిగా పోనివ్వండి," అంది సుభాషిణి అతని చెవి దగ్గర. "నడక కంటే నెమ్మదిగా."

"ఆయ్. పాక్కుంటూ పోతానండి."

వంతెన దాకా తిన్నగానే సాగింది. వంతెన చివర కుడి మెలిక దగ్గర గనిరాజు పళ్లు బిగబట్టి స్టీరింగు లాగాడు. సుందరి గుండెలవిసేలా మూలిగింది. స్టీరింగు వెంట్రుకవాసి తిరిగి ఆగిపోయింది. "సార్, చెయ్యెయ్యండి సార్!" అని గనిరాజు అరిచాడు. చిదానందం గారు ఉత్తర్వుల సంగతి మరిచి రెండు చేతులా పట్టుకుని వేలాడారు. అదీ చాల్లేదు. కాలువ గట్టు రెయిలింగు దగ్గరికొచ్చేస్తోంది. దమయంతీదేవి గారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి తామూ ఓ చెయ్యి వేశారు. అప్పుడు కాస్త తిరిగింది. గనిరాజు బ్రేకు తొక్కాడు. బండి ముక్కు రెయిలింగుని ముద్దు పెట్టుకున్నట్టు తాకి, వంతెనకి అడ్డంగా ఆగిపోయింది.

వెనకే కొబ్బరికాయల లారీలు బారులు తీరాయి. హారన్లు మొదలయ్యాయి. అవతలి గట్టు నుంచి లాకులపేట మొత్తం పరిగెత్తుకొచ్చింది.

దమయంతీదేవి గారు కిందికి దిగి ఊపిరి పీల్చుకున్నారు. అటూ ఇటూ నడిచి, బండి కింద టపటపమని రాలుతున్న చుక్కల్ని చూశారు.

"ఇదేమిటి?"

"శ్రమజలం మేడమ్," అన్నారు చిదానందం గారు.

"అంటే చెమటా?"

"మా వాహనాలు అంకితభావముతో పనిచేయును."

దమయంతీదేవి గారు తల ఊపి అది రాసుకోబోయారు. సుభాషిణి ఆ చుక్కల్ని చూసింది. వంతెన కింద కాలువ చూసింది. బిందెతో నిలబడ్డ నూకరత్నాన్ని చూసింది. వాళ్ల నాన్నగారు ఫోన్లో చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది. అది గుర్తొచ్చినా ఇక నోరు ఆగలేదు.

"లీకండి," అంది.

వెనకే జీపులో వచ్చిన కామేశం గారు దిగబోయి, మళ్లీ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. నలుగురిలో ఎవరో బూతు మాట్లాడినట్టు చిదానందం గారు తల దించుకున్నారు.

"లీకు," అంది మళ్లీ, ఈసారి కాస్త గట్టిగా. అనేశాక ఎంత హాయిగా ఉందో! "ఆయిలు లీకవుతోంది. లోపలికి గాలి చేరింది. ఇదివరకే బాగుచెయ్యాల్సింది. ఇప్పుడు చేస్తాను. గనిరాజు గారూ, ముద్ర పగలగొట్టండి."

"ఆయ్!" అన్నాడు గనిరాజు. అతను బానెట్ ఎత్తిన ఊపుకి లక్క ముక్కలు కాలువలో పడ్డాయి.

ముందు బరువు తగ్గాలి. ట్యాంకు తూము విప్పేసరికి లాకులపేట బిందెలన్నీ వరస కట్టాయి. నూకరత్నం వరస పెట్టించే పని తీసుకుంది. కొబ్బరి లారీ డ్రైవర్లు కూడా ఆవిడ మాట దాటలేదు. ట్యాంకు ఖాళీ అయ్యేలోపు వెనక చక్రాలకి రాళ్లు పెట్టారు. వెనకనున్న కొబ్బరి లారీ డ్రైవర్ సత్తార్ జాకీ తెచ్చి ముందు చక్రాలు నేల విడిచేలా లేపాడు.

"నా కాయలు మార్కెట్టుకి చేరాలి మేడం. మీకేం కావాలో అడగండి. డబ్బాడు ఆయిలు కూడా ఉంది నా దగ్గర," అన్నాడు.

సుభాషిణి చీర కొంగు దోపుకుని, గొట్టాలూ జాయింట్లూ అన్నీ గుడ్డతో పొడిగా తుడిచింది. అంతా జిడ్డే అయితే కారేది ఎక్కణ్ణించో తెలియదు.

"పౌడరుందా ఎవరి దగ్గరైనా?"

"మొహానికి రాసుకునేదేనా?" అని నూకరత్నం ఇంటికి మనిషిని పంపి డబ్బా తెప్పించింది. సుభాషిణి గొట్టాల పొడుగునా పౌడరు చల్లింది. సుందరి లోపలంతా పెళ్లికూతురిలా తెల్లబడింది. గనిరాజు ఇంజను వేసి స్టీరింగు కదిపాడు. అందరూ మెడలు చాచి చూస్తున్నారు. డబ్బా నుంచి పంపుకి వెళ్లే గొట్టం చివర, క్లిప్పు కింద, పౌడరు తడిసి నల్లబడింది.

"అదిగో!" అని ముందుగా అరిచింది దమయంతీదేవి గారు. "నేను ప్రత్యక్షంగా వీక్షించాను!"

క్లిప్పు తుప్పు పట్టి తెగిపోయి ఉంది. సత్తార్ పెట్టెలోంచి కొత్తది ఇచ్చాడు. బిగించి, ఇంజను ఆపి, ఆయిలు పోసి, స్టీరింగు ఈ కొసనుంచి ఆ కొసదాకా నెమ్మదిగా తిప్పమంది సుభాషిణి. గనిరాజు తిప్పుతుంటే డబ్బాలో బుడగలు లేచాయి. మళ్లీ ఆయిలు పోసింది. మళ్లీ తిప్పించింది. బుడగలు బుడబుడమంటూ వచ్చి పేలిపోతుంటే వంతెన మీది జనం బుడగకో కేక పెట్టారు. క్రమంగా బుడగలు చిన్నవయ్యాయి, అరుదయ్యాయి, ఆగిపోయాయి. ఇంజను వేసి మళ్లీ తిప్పించింది. ఒక్కసారి సన్నగా మూలిగి, సుందరి నోరు మూసుకుంది.

చక్రాలు కిందికి దించాక గనిరాజు ఎక్కి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ పళ్లు బిగబట్టి, మొత్తం బలంతో లాగాడు. స్టీరింగు గిర్రున తిరిగింది. అతను సీట్లోంచి జారి పడబోయాడు. లేచి, ఈసారి ఒక్క వేలితో తిప్పి చూశాడు. తిరిగింది. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"మా సుందరే!" అన్నాడు.

బండి వెనక్కి తీసి, కుడి మెలిక ఒక్క ఊపులో తిప్పి లాకులపేటలోకి పోనిచ్చాడు. ట్యాంకులో చుక్క నీరు లేదు. పేటకి ఆ పూటకి నీళ్లు అందిపోయాయి కూడా. అయినా పేట చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, కనబడిన ప్రతి సందులోకీ కుడికి తిరిగి, ఊరేగింపులా తిరిగొచ్చాడు. పిల్లలు వెనకాల పరిగెత్తారు. దారి ఇచ్చినందుకు కొబ్బరి లారీలు హారన్లు కొట్టుకుంటూ వెళ్లిపోయాయి.

చివరి బుడగ పేలినప్పుడే చిదానందం గారి మొహంలో ఏదో వెలిగింది. గొంతు సవరించుకున్నారు.

"మేడమ్, తమరు వీక్షించితిరి. ఆ వాహనంలో ఇప్పుడు గాలి లేశమాత్రము లేదు."

"అవును," అన్నారు దమయంతీదేవి గారు రాసుకుంటూ. "నా కళ్లతో చూశాను. పూర్తిగా పోయింది."

వారం తర్వాత సుభాషిణికి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. బహిరంగ ప్రదేశంలో నిషిద్ధ పదాన్ని రెండుసార్లు ఉచ్చరించినందుకు సంజాయిషీ ఇవ్వమని ఒకటి. ప్రజాసేవలో చూపిన చొరవకి అభినందన ఇంకొకటి. కామేశం గారు రెండూ చదివి ధైర్యం చెప్పారు.

"రెండింటి మీదా ఒకటే సంతకం. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే నువ్వేమీ చెయ్యలేదన్నమాట. ప్రొబేషన్ తీరడానికి అంతకన్నా మంచి మార్గం లేదమ్మా."

ఆయన అన్నట్టే తీరింది. ఫోన్లో వాళ్ల నాన్నగారు నోరు అదుపులో పెట్టుకున్నందుకు మెచ్చుకున్నారు. లాకులపేటకి రోజూ నీళ్లు వెళుతున్నాయి. నూకరత్నం ఓ చేపల బుట్ట అల్లి, సగం నిండా చేపలతో సహా ఆమె ఇంటికి పంపింది. పాలెపులంక సర్పంచి మాత్రం వచ్చి తన శాలువా తిరిగిమ్మని అడిగి వెళ్లాడు.

ఆ నెలాఖరున కమిషనర్ గారి కుర్చీ వెనక రెండో చట్రం వెలిసింది. దమయంతీదేవి గారి బృందం సిఫార్సు మీద వచ్చిన ప్రశంసాపత్రం అది. ప్రత్యక్ష వీక్షణ ఆధారంగా చింతలమెరకని దేశంలోనే మొట్టమొదటి 'గాలి రహిత పట్టణం'గా ప్రకటించారు. వెంటనే ఉత్తర్వు వెలువడింది. పట్టణ పరిధిలో గాలి అనే స్థితి రద్దయినందున ఇకమీదట ఆ పదం వాడరాదు. కార్యాలయంలో ఫ్యాన్లు తిరుగుచున్నప్పటికీ వాటి కింద ఏమియూ రావడం లేదని సిబ్బంది భావించవలెను.

ఉత్తర్వు వచ్చిన మర్నాడు సుభాషిణి షెడ్డుకి వెళ్లేసరికి గనిరాజు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఏదో చెప్పబోయి, చుట్టూ చూసి, నోరు రెండు చేతులతో మూసుకున్నాడు. ఆ తర్వాత సుందరి ముందు టైరు చూపించాడు. అది చప్పగా నేలకి కరుచుకుని ఉంది.

"రాత్రికి రాత్రే దిగిపోయిందండి. లోపలిది మొత్తం బయటికి..." గనిరాజు మాట కోసం వెతుక్కున్నాడు. "ఎలా చెప్పమంటారండీ? ఏది పోయిందనాలి? ఎలా పోయిందనాలి? రెండు మాటలూ మన ఊళ్లో లేవాయె."

సుభాషిణి ఆఫీసు వైపు చూసింది. బజారు వైపు చూసింది. మూల మీద పంక్చరు షాపు అప్పుడే తీస్తున్నారు.

"స్టెప్నీ వేసుకుని, దీన్ని ఆ షాపుకి పట్టుకెళ్లండి," అంది. "నిండా కొట్టించండి. డబ్బులు నేనిస్తాను."

"ఎవరన్నా ఏం చేస్తున్నావని అడిగితేనండి?"

సుభాషిణి ఆలోచించలేదు. ఈ ఊరి భాష ఆమెకి ఇప్పుడు బాగానే వచ్చింది.

"ఊపిరి పోస్తున్నానని చెప్పండి," అంది.